లిఫ్టు నవల దొరకడం లేదు వదినగారూ

వదినగారికి,

కుట్టుమిషన్ పక్కన కూర్చుని మీ వియ్యపురాలు నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం కులాసా.

మీ రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ బాగా జరిగిందనీ, ఆరు వారాలపాటు అక్షరం ముక్క చదవకూడదని డాక్టరు కట్టడి చేశాడనీ మా అమ్మాయి చెప్పింది. ఫోను చేసి పలకరించమన్నాడు అల్లుడు. మనిద్దరి ఫోను సంగతి మీకు తెలియనిదా. ఇద్దరం ఒకేసారి మొదలుపెడతాం, ఇద్దరం ఒకేసారి "మీరు చెప్పండి" అంటాం, మధ్యలో నా మిషన్ అందుకుంటుంది. పిల్లల పెళ్లయి ఎనిమిది నెలలైనా మనం ఒక్క సంగతీ పూర్తిగా మాట్లాడుకోలేదు. అందుకే ఉత్తరం.

బళ్లో ముప్పై ఏళ్లు వ్యాకరణం చెప్పిన మనిషి, రోజుకో పుస్తకం నమిలేసే మనిషి, ఆరు వారాలు గోడకేసి చూస్తూ కూర్చోవడమా అని నాకు మనసాగలేదు. అన్నయ్యగారు చదివి వినిపిస్తానన్నారట. అంత పెద్ద ఆఫీసులో పనిచేసిన మనిషి, గొంతు గట్టిగానే ఉంటుంది. అందుకని నా షాపు అలమరలోంచి ఒక పుస్తకం పంపుతున్నాను. పేరు 'గోధుమరంగు సూట్‌కేసు'. రైల్లో ఇద్దరి సూట్‌కేసులు తారుమారవుతాయి. ఇంటికెళ్లి తెరిస్తే లోపల ఒక ఎడమకాలి బూటు, ఒక తాళంచెవి. అంతే. అక్కడినుంచి ఊపిరి తీసుకోనివ్వదు. నేను ఇది చదువుతూ ఒకాయన ప్యాంటుకి మూడో కాలు కత్తిరించాను. హంతకుడెవరో రెండువందల పన్నెండో పేజీ దాకా నాకు తెలియలేదు. మా ఆయన నలభయ్యో పేజీలోనే కనిపెట్టానంటాడు. నమ్మకండి, చివరి పేజీ ముందు చదివే రకం.

వినగానే ఎలా ఉందో రాయండి. నా అలమర ఇంకా ఖాళీ కాలేదు.

ఇట్లు,
మీ వియ్యపురాలు

తా.క. డిటెక్టివు మాటలు బొంగురు గొంతుతో చదవమని అన్నయ్యగారికి చెప్పండి. మామూలు గొంతుతో చదివితే ఆయన డిటెక్టివులా ఉండడు, బట్టలు తిరిగి ఇవ్వడానికొచ్చిన కస్టమరులా ఉంటాడు.

*

వదినగారికి నమస్కారాలు.

చెబుతున్నది నేను, రాస్తున్నది మీ అన్నయ్యగారు. కళ్లు బాగానే ఉన్నాయట, నాకు తప్ప అందరికీ కనిపిస్తున్నాయి.

వదినగారూ, ఎంత మంచి పుస్తకం పంపారండీ. రోజూ మధ్యాహ్నం రెండు గంటలసేపు చదువుతున్నారు. నిన్న కాఫీ చల్లారిపోయినా ఇద్దరికీ తెలియలేదు. ఎవరీ రచయిత, ఇన్నాళ్లూ నా చేతికి ఎందుకు దొరకలేదు? అట్ట మీద పేరు చదవమంటే అచ్చు చెరిగిపోయిందన్నారు.

ఆరంతస్తుల భవనం, అందులో ఒక్క లిఫ్టు, దాన్ని నడిపే మనిషి చెప్పే కథ. ఎంత మామూలుగా మొదలుపెట్టాడో చూడండి. పొద్దున తొమ్మిదింటికి గ్రిల్ తలుపు లాగుతాడు, జనం ఎక్కుతారు, దిగుతారు. అంతే. కాని ఎక్కిన ప్రతివాళ్లూ ఏదో మాట సగంలో ఉండగా ఎక్కుతారు, ఇంకో సగంలో ఉండగా దిగిపోతారు. ఐదో అంతస్తులో టైపు చేసే అమ్మాయి ఉంది చూశారూ, రోజూ పొద్దున పూలకుండీ ఒకటి చంకన పెట్టుకుని పైకి వెళుతుంది, సాయంత్రం మళ్లీ అదే కుండీతో కిందికి దిగుతుంది. ఎందుకో ఎవరికీ తెలియదు. లిఫ్టు నడిపే మనిషి అడగడు. అడక్కుండా మూడేళ్లు మోస్తాడు. నాకైతే రాత్రి పక్కమీద కూడా అదే ఆలోచన.

ఒక్క అనుమానం. పేరులో సూట్‌కేసు ఉంది గాని ఇంతవరకూ కథలోకి రాలేదు. అడిగితే "పై అంతస్తుల్లో ఎక్కడో వస్తుందిలే" అన్నారు.

ఇంకో పుస్తకం సిద్ధంగా ఉంచండి. మా వీధిలో తెలిసినవాళ్లందరికీ ఈ నవల గురించి చెబుతున్నాను.

ఇట్లు,
మీ వదిన

తా.క. అక్షరదోషాలు నావి, అభిప్రాయాలు ఆవిడవి. — లేఖకుడు

*

వదినగారికి,

మీ వియ్యపురాలు నమస్కరించి, కాస్త తల గోక్కుని రాస్తున్నది.

మీ ఉత్తరం చూసి ఆ పుస్తకం మీకు పంపానా, ఎవరికైనా పంపానా అని అలమర మొత్తం దింపాను. మీకే పంపాను. నేను నాలుగుసార్లు చదివిన పుస్తకం అది. అందులో లిఫ్టు లేదండీ. మెట్లు కూడా లేవు. కథంతా నేలమీదే జరుగుతుంది. టైపిస్టు ఒకావిడ ఉన్న మాట నిజమే, ఆవిణ్ణి రెండో అధ్యాయంలోనే చంపేస్తారు. చేతిలో పూలకుండీ ఉండదు. దయచేసి అట్ట తెరిచి మొదటి పేజీలో ఏముందో ఒకసారి చూడమనండి.

అసలు సంగతి వేరే ఉంది. మీ ఉత్తరం షాపులో గట్టిగా చదివాను. గౌను ట్రయల్‌కి వచ్చిన ఆసుపత్రి నర్సు ఒక చెయ్యి తొడుక్కుని, ఇంకో చెయ్యి తొడుక్కోవడం మరిచిపోయి నిలబడిపోయింది. "ఆ అమ్మాయి కుండీ ఎందుకు మోస్తోంది అక్కా" అంది. "నాకేం తెలుసు" అన్నాను. "ఎవరికోసమో అయ్యుంటుంది" అంది. యూనిఫారానికి గుండీలు కుట్టించుకోవడానికొచ్చిన బస్సు కండక్టరు, "ఎవరికోసమైతే రోజూ వెనక్కి ఎందుకు తీసుకెళుతుంది" అన్నాడు. ఇద్దరూ వాదన పెట్టుకున్నారు. కాజాలు కుడుతున్న మా ఆయన సూది వేలికి గుచ్చుకున్నాడు. వెళుతూ వెళుతూ ఇద్దరూ ఆ నవల పేరు అడిగారు. ఏం చెప్పను?

పోనీలెండి, ఈసారి పొరపాటుకి తావులేని పుస్తకం పంపుతున్నాను. 'పియానో పట్టని ఇల్లు'. ఒక కుటుంబం ఇల్లు మారుతుంది, పియానో గుమ్మంలో ఇరుక్కుంటుంది. మూడువందల పేజీలపాటు అది అక్కడే ఉంటుంది. ఇంట్లోవాళ్లు సగంమంది లోపల, సగంమంది బయట. నవ్వలేక చచ్చిపోతారు.

ఇట్లు,
మీ వియ్యపురాలు

తా.క. కుండీ సంగతి తేలిందా? నాకోసం కాదు, నర్సు అడుగుతోంది. రెండో చెయ్యి తొడిగించడానికి మళ్లీ రమ్మన్నాను.

*

వదినగారికి నమస్కారాలు.

మీ చమత్కారం నాకు అర్థమైంది లెండి. అది రెండో భాగమని ముందే చెప్పకుండా వేరే పుస్తకంలా పంపారు. అదే భవనం, అదే లిఫ్టు. మొదటి వాక్యం వినగానే చిన్నపిల్లలా లేచి కూర్చున్నాను. డాక్టరు కుదుపులు వద్దన్నాడని మీ అన్నయ్యగారు భుజాలు పట్టుకుని మళ్లీ పడుకోబెట్టారు.

కుండీ సంగతి తేలింది. ఆ అమ్మాయి ఉండే ఇల్లు రెండు పెద్ద గోడల మధ్య ఉంది. ఇంట్లోకి ఎండ రాదు. ఆఫీసులో ఆమె బల్ల పక్కన కిటికీ ఉంది. రోజూ మొక్కని ఎండకి తీసుకొచ్చి, సాయంత్రం ఇంటికి తీసుకెళుతుందండీ. అంతే కారణం. ఈ మాట విని ఆ పేజీ ఇంకోసారి చదివించుకున్నాను. చదువుతున్న మనిషి గొంతు సవరించుకుని మరీ చదివారు.

ఇప్పుడు రెండో అంతస్తులో పటాలు గీసే అబ్బాయి ఒకడు వచ్చాడు. అతను దిగాల్సింది రెండులో. రోజూ ఐదుదాకా వెళ్లి, మెట్లమీద మళ్లీ రెండుకి దిగి వస్తాడు. ఆ అమ్మాయితో మాట మాత్రం ఆడడు. కుండీ వైపు చూస్తాడు. లిఫ్టు నడిపే మనిషి అన్నీ చూసి, ఏమీ చూడనట్టు మీట తిప్పుతాడు.

అన్నిటికంటే నవ్వించింది మూడో అంతస్తు టైలరు. ఒకరి కొలతలు తీసుకుని ఇంకొకరికి కుట్టే మనిషి. ఆయన కుట్టిన కోటు తొడుక్కున్నవాడు ఎడమచెయ్యి పైకెత్తాడంటే మళ్లీ దించలేడట. అలాగే చెయ్యెత్తి లిఫ్టులో నిలబడితే, అందరూ పై అంతస్తుకి వెళ్లమంటున్నాడనుకుంటారు. నవ్వి నవ్వి కళ్లవెంట నీళ్లు. డాక్టరు ఏడవొద్దన్నాడు గాని నవ్వొద్దని చెప్పలేదు.

మీ షాపుకొచ్చే వాళ్లందరికీ ఈ నవల చదవమని చెప్పండి.

ఇట్లు,
మీ వదిన

తా.క. చెల్లెమ్మగారూ, టైలరు పాత్ర పూర్తిగా కల్పితం. — లేఖకుడు

*

వదినగారికి,

నమస్కారం. క్షేమసమాచారాలు తరవాత.

మూడువందల పేజీల పియానో ఏమైందండీ? గుమ్మంలో ఇరుక్కున్న పియానో కళ్లు లేకపోయినా తగలాలి. నేను పంపిన రెండు పుస్తకాల్లోనూ ఎక్కడా లేని లిఫ్టు మీకు వినపడుతోంది, ఎక్కడా లేని టైలరు వినపడుతున్నాడు. ఇదంతా ఎందుకో నాకు అర్థం కాదనుకున్నారా? ఎడమచెయ్యి అనగానే అర్థమైంది.

ఒప్పుకుంటాను. మీ అబ్బాయి పెళ్లికోటు ఎడమచెయ్యి అంగుళం పొట్టి. కాని కొలతలిచ్చే రోజున ఆ అబ్బాయి ఎలా నిలబడ్డాడో మీరు చూడలేదు. గది అవతల మా అమ్మాయి కూర్చుని ఉంది. అతను అటు చూడాలి, చూడనట్టు ఉండాలి. మనిషంతా ఒక పక్కకి ఒరిగిపోయాడు. ఒరిగిన మనిషికి కొలత తీస్తే నిలువుగా ఉన్నప్పుడు ఎలా సరిపోతుంది? ఆ మాట ఆ రోజే మొహం మీద అనేస్తే కుట్టు విప్పి సరిచేసి ఇచ్చేదాన్ని. ఎనిమిది నెలలు కడుపులో పెట్టుకుని, లేని పుస్తకంలో లేని టైలరు పేరు చెప్పి ఇప్పుడు అంటారా? వ్యాకరణం చదువుకోలేదు గాని నాకు ఆ మాత్రం భాష తెలుసు. మూడు రోజులనుంచి మిషన్ తొక్కబుద్ధి కావడం లేదు.

ఇది ఒకెత్తు. షాపు సంగతి ఇంకో ఎత్తు. ఎండ మాట చదివాక నర్సు కళ్లు తుడుచుకుంది. వార్డులో రోగులకి చెప్పిందట, వాళ్లు తరవాత ఏమైందని ఆమెను మందులకంటే ముందు అడుగుతున్నారట. కండక్టరు బస్సులో చెప్పాడు. నిన్న నలుగురు దిగాల్సిన చోట దిగలేదు. లైబ్రరీ గుమాస్తా పరదాలు తీసుకెళ్లడానికి వచ్చి, విని, వెనక్కి పరిగెత్తి జాబితా పుస్తకాలన్నీ వెతికాడు. "లిఫ్టు నవల ఎక్కడా దొరకడం లేదు" అని సాయంత్రం మళ్లీ వచ్చాడు. పుస్తకాల షాపువాడు ఇప్పటికి పదకొండుమంది అడిగారని నామీద కేకలేశాడు.

నాకు జవాబు కావాలి. మీరు చదువుతున్నది ఏ పుస్తకం? నామీద కోపమా, కాదా?

ఇట్లు,
కోటు కుట్టిన మనిషి

తా.క. ఒళ్లు మండుతోంది, అయినా అడక్కుండా ఉండలేను. పటాలు గీసే అబ్బాయి ఆ అమ్మాయితో మాట్లాడాడా లేదా?

*

వదినగారికి నమస్కారాలు.

ఏమిటండీ ఈసారి ఇంత క్లుప్తంగా రాశారు? కవరు చేతిలోకి తీసుకుంటే నాలుగు పేజీల బరువుంది, చదివిస్తే నాలుగే వాక్యాలు. మీరు క్షేమం, మేం క్షేమం అనుకుంటారు, మీ ఊళ్లో వానలు, పటాలు గీసే అబ్బాయి మాట్లాడాడా లేదా. అంతేనా? మీ ఆరోగ్యం బాగుందా?

మాట్లాడలేదు వదినగారూ. కాని వినండి. నిన్నటి అధ్యాయంలో లిఫ్టు ఆగిపోయింది. నాలుగుకీ ఐదుకీ మధ్య. లోపల ఆ అమ్మాయి, ఆ అబ్బాయి, పూలకుండీ. కరెంటు పోయింది. నడిపే మనిషి ఆ రోజు నీళ్లు తాగడానికని కింద దిగి ఉన్నాడు, ఆ అబ్బాయే మీట తిప్పాడు. అతని లిఫ్టు అతను లేకుండా ఆగడం ఉద్యోగంలో అదే మొదటిసారట. మెట్లన్నీ ఎక్కి నాలుగో అంతస్తు గ్రిల్ దగ్గరికి వచ్చి చెవి పెట్టాడు. పైనుంచి ఆ అబ్బాయి గొంతు వినపడింది. "మీతో ఒక మాట" అన్నాడు.

అక్కడితో ఆపేశారు. "ఇవాళ గొంతు బాగోలేదు" అన్నారు. ఇవాళ్టికి ఐదు రోజులైంది, గొంతు బాగుపడలేదు. తేనె నీళ్లు ఇచ్చాను, ఆవిరి పట్టించాను. కూరగాయలవాడితో అరగంట బేరమాడినప్పుడు మాత్రం గొంతు బాగానే ఉంది.

మీ షాపులో అందరికీ ఈ లిఫ్టు ఆగిన సంగతి చెప్పండి. లైబ్రరీలో అడగమనండి, పుస్తకాల షాపులో అడగమనండి. ఎంతమంది అడిగితే అంత మంచిది.

ఇట్లు,
మీ వదిన

తా.క. అవును, వానలు బాగానే పడుతున్నట్టున్నాయి. — లేఖకుడు

*

అన్నయ్యగారికి,

ఈ ఉత్తరం మీకే. గట్టిగా చదవకండి.

మా ఊళ్లో నెల రోజులుగా చినుకు లేదు. వాన గురించి నేను ఒక్క ముక్క రాయలేదు. నాలుగు పేజీల నా కోపాన్ని నాలుగు వాక్యాలు చేసి వదినగారికి వినిపించినవారు ఎవరో ఇప్పుడు తెలిసింది. ఇంతకాలం అన్ని ప్రశ్నలు అడిగితే ఆవిడ నవ్వుతూ లిఫ్టు కబుర్లు చెబుతుంటే, నన్ను లెక్కచేయడం లేదనుకున్నాను. ఆవిడకి చేరితే కదా లెక్కచేయడానికి.

చెల్లెమ్మా అని పిలిచారు కాబట్టి ఒక అవకాశం ఇస్తున్నాను. వచ్చే ఆదివారం లోపల నిజం రాయండి. లేకపోతే ఈసారి ఉత్తరం మా అమ్మాయికి పంపించి, అత్తగారి పక్కన కూర్చుని పైనుంచి కిందిదాకా చదవమంటాను. దానికి గొంతు ఎప్పుడూ పోదు, మీకు తెలుసు.

ఇట్లు,
మీ చెల్లెలు

తా.క. "మీతో ఒక మాట" అన్నాక ఏమన్నాడు? షాపులో పదిహేడుమంది నాకు బట్టలు ఇవ్వడం మానేసి ఈ మాట అడుగుతున్నారు.

*

చెల్లెమ్మగారికి,

మీ అన్నయ్య నమస్కరించి, తలవంచుకుని రాస్తున్న ఉత్తరం. పోస్టాఫీసులో బల్ల దగ్గర నిలబడి రాస్తున్నాను. ఆవిడ నేను కూరలకి వెళ్లాననుకుంటోంది.

ముందు ఒక పాత సంగతి. సంబంధం మాట్లాడిన రోజు మావాడు "నాన్న ఆరంతస్తుల ఆఫీసులో పనిచేశారు" అన్నాడు. అది అబద్ధం కాదు. ఆరంతస్తుల్లోనూ పనిచేశాను. లిఫ్టు నడిపాను, ముప్పై ఒక్క సంవత్సరాలు. మీ అమ్మాయికి పెళ్లైన వారానికే తెలుసు. మీకు చెప్పవద్దని నేనే అడిగాను.

ఆ ఉద్యోగంలో ఒక ఇబ్బంది ఉంది. అందరి మాటలూ సగమే వినపడతాయి. "అప్పుడు డాక్టరు ఏమన్నాడంటే" అంటూ ఒకావిడ మూడులో దిగిపోతుంది. డాక్టరు ఏమన్నాడో ఈ జన్మకి తెలియదు. మొదట్లో ఇంటికొచ్చాక కూడా అవే చెవిలో తిరిగేవి. ఒక రోజు లిఫ్టులో స్టూలు మీద కూర్చుని మిగతా సగం నేనే రాసుకున్నాను. అలా ముప్పై ఏళ్లు రాశాను. అటకమీద రెండు సంచులు ఉన్నాయి.

ఆవిడకి ఎందుకు చూపించలేదంటారా. పెళ్లైన కొత్తలో ఆవిడ టీచరు ట్రైనింగుకి వెళితే, ఉండబట్టలేక నాలుగు పేజీల ఉత్తరం రాశాను. వారంలో నా ఉత్తరమే తిరిగొచ్చింది. ఎర్రసిరాతో దిద్ది, కింద "భావం బాగుంది. అక్షరదోషాలు పదిహేడు" అని రాసి ఉంది. ఆవిడ సరదాకే చేసింది. నాకూ నవ్వొచ్చింది. కాని ఆ తరవాత ఇంట్లో కలం పట్టుకోలేదు.

మీ సూట్‌కేసు పుస్తకం మొదటి రోజు నిజంగానే చదివాను. ఆవిడకి నచ్చలేదు, "ఇంకేమైనా ఉందా" అంది. నాకు ఏం ధైర్యం వచ్చిందో, మర్నాడు ఆ అట్టలో నా కాగితాలు పెట్టుకుని కూర్చున్నాను. "అచ్చం మీ లిఫ్టులాగే ఉందే" అంది. "లిఫ్టులన్నీ ఒకలాగే ఉంటాయి" అన్నాను. నమ్మింది. ఆవిడ నవ్వింది చెల్లెమ్మా. నేను రాసిన మాటకి నవ్వింది. అది చూశాక ఆపడం నావల్ల కాలేదు. మీ ప్రశ్నలు చదివితే అక్కడితో అయిపోతుందని వదిలేశాను. మీ మనసు కష్టపెట్టానని తెలుసు. టైలరు పాత్ర రాసి ఇరవై ఏళ్లైంది, అప్పటికి మీరెవరో నాకు తెలియదు. కోటు చెయ్యి మాత్రం ఈమధ్య చేర్చాను. అది తప్పే.

ఇప్పుడు అసలు కష్టం. ఆ ఇద్దరూ నిజంగా ఉన్నవాళ్లే. కాని నా లిఫ్టు ఎప్పుడూ ఆగలేదు. అతను మాట్లాడకముందే ఆమెకి బదిలీ అయింది. వాళ్లని ఎలాగైనా కలపాలని నేనే లిఫ్టు ఆపాను. ఆపిన తరవాత లోపల ఏం మాట్లాడుకుంటారో నాకు రావడం లేదు. సగం మాట విని ముప్పై ఏళ్లు మిగతా సగం కల్పించినవాణ్ణి, ఈ ఒక్క చోట కలం కదలడం లేదు.

ఇట్లు,
లేఖకుడు

తా.క. పదిహేడుమంది అన్న మాట నిజమేనా? లేక నామీద జాలితో అన్నారా?

*

అన్నయ్యగారికి,

నమస్కారం. ట్రయల్‌కి మనిషి నిలబడి ఉన్నాడు, అందుకని చిన్న ఉత్తరం.

లిఫ్టు నడిపినందుకు ఎవరైనా తలవంచుకుంటారా? నేను ఇరవై ఆరేళ్లుగా మనుషుల నడుములు కొలుస్తున్నాను, ఎవరిదీ తక్కువా ఎక్కువా అనుకోలేదు. నాలుగు వారాలు నన్ను ఏడిపించినందుకు మాత్రం కోపం ఉంది. అది ఒక షరతుమీద పోతుంది. టైలరుని తీసెయ్యకండి. కోటు కుట్టు విప్పి, రాత్రికి రాత్రి సరిచేసి, పొద్దున్నే తెచ్చి ఇచ్చే సీను ఒకటి పెట్టండి.

లిఫ్టు లోపల ఏం మాట్లాడుకుంటారో మీకు తెలియకపోతే, నలభై ఏళ్లుగా మీతో ఒకే ఇంట్లో ఉన్న మనిషిని అడగండి.

ఇట్లు,
మీ చెల్లెలు

తా.క. పదిహేడు అబద్ధం. ఇవాళ్టికి ఇరవై మూడు.

*

వదినగారికి,

నమస్కారాలు. చేతిరాత చూసి ఆశ్చర్యపోకండి. ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను.

ముందు మిమ్మల్ని క్షమాపణ అడగాలి. మీరు నాకు రాసిన ఉత్తరాలన్నీ నాకు పూర్తిగా తెలుసు. మీ అన్నయ్యగారు చదవగానే అవి తీసి దిండుకింద పెట్టుకునేదాన్ని. సాయంత్రం ఆయన షికారుకి వెళ్లాక మీ అమ్మాయి వచ్చి అక్షరం వదలకుండా చదివి వినిపించేది. మీరు కోటు గురించి బాధపడ్డ రోజు మేమిద్దరం చాలాసేపు తర్జనభర్జన పడ్డాం. "అమ్మకి ఫోను చేసి చెప్పేస్తానత్తయ్యా" అంది. "నాలుగు రోజులు ఆగవే, ఆయన ఆపేస్తారు" అన్నాను. అది నా స్వార్థం. దానివల్ల మీరు మూడు రోజులు మిషన్ తొక్కలేకపోయారు. ఈ తప్పు మీ అన్నయ్యగారిది కాదు, నాది.

నాకు రెండో రోజే తెలిసిపోయింది వదినగారూ. లిఫ్టు అని కాదు. పుస్తకం పేజీ తిప్పితే ఒక చప్పుడు, విడికాగితం తీసి కింద పెడితే ఒక చప్పుడు. ముప్పై ఏళ్లు పరీక్ష పేపర్లు దిద్దిన చెవి నాది. పైగా మొదటి రోజు సూట్‌కేసు పుస్తకం తడుముకుంటూ చదివిన మనిషి, రెండో రోజు కళ్లు మూసుకుని చెప్పినట్టు చదివారు. అయినా ఊరుకున్నాను. "ఎవరు రాశారు" అని అడిగితే మళ్లీ ముప్పై ఏళ్లు అటకెక్కిస్తారని భయం. నేను మెచ్చుకుంటే పెళ్లాం కాబట్టి మెచ్చుకుందనుకుంటారు. అందుకే ముక్కూమొహం తెలియనివాళ్లు అడగాలనుకున్నాను. మీ షాపుకంటే మంచి చోటు నాకు తట్టలేదు. ఆయన చేతే ఆయన నవలకి సిఫార్సులు రాయించాను. ఎంత బాగా రాశారో చూశారుగా, ఒక్క ముక్క తగ్గించలేదు.

మొన్న పొద్దున్న నా మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఊరికే అడుగుతున్నా. ఆ లిఫ్టులో వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకుని ఉంటారంటావు?" అన్నారు.

"పుస్తకంలో లేదా?" అన్నాను.

"ఈ కాపీలో ఆ పేజీ చిరిగిపోయింది."

"అయితే రాసినాయన్నే అడగాలి. బాగానే రాస్తాడుగా, భయమెందుకు?"

కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినపడింది.

"ఎప్పటినుంచి?" అన్నారు.

"రెండో రోజునుంచి."

"మరి తప్పులు?"

"వింటుంటే అక్షరదోషాలు కనపడవు కదండీ" అన్నాను.

ఆయన నవ్వారో, ఏడ్చారో నాకు తెలియదు. నా చెయ్యి మాత్రం పట్టుకున్నారు. ఆ మధ్యాహ్నమే రాయడానికి కూర్చున్నారు. నిన్న చివరి అధ్యాయం చదివి వినిపించారు. లిఫ్టులో ఏం మాట్లాడుకున్నారో నేను మీకు చెప్పను. అది ఆయన నోటే వినాలి. వచ్చే ఆదివారం ఆయన్ని తీసుకుని మీ షాపుకి వస్తున్నాను. మీరు రాశారని ఆయన చెప్పిన ఆ ఇరవై మూడుమందినీ పిలవండి. మిషన్ ఒక పక్కకి జరిపి, ఆయనకి స్టూలు ఒకటి వేయండి. కుర్చీలో కూర్చుంటే సరిగ్గా చదవలేరు. కాగితాలు నేనే పట్టుకొస్తాను, దారిలో ధైర్యం చెదిరి ఎక్కడైనా మరిచిపోతారు.

ఆయన మీకు విడిగా ఉత్తరం రాశారని తెలుసు. ఏం రాశారో అడగను. పదిహేడు తప్పుల సంగతి మాత్రం తప్పకుండా రాసి ఉంటారు. పదిహేడు కాదండీ, పందొమ్మిది. కొత్త పెళ్లికొడుకు కదా అని రెండు వదిలేశాను.

ఇట్లు,
మీ వదిన

తా.క. మొన్న మీ అమ్మాయిని తోడు తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాను. కళ్లు పూర్తిగా బాగుపడ్డాయి, ఇక నిక్షేపంగా చదువుకోవచ్చన్నాడు. మీ అన్నయ్యగారికి మాత్రం ఇంకో నెల ఆగాలన్నాడని చెప్పాను. రెండో సంచి ఇవాళే అటకమీంచి దింపారు. నెల చాలేలా లేదు.